లెక్కలోకి రాని మాత్ర

రాయదుర్గంలో గ్యాస్ మాత్రను ఎవరూ మాత్రల లెక్కలో వెయ్యరు. షుగరు మాత్ర మాత్రే, బీపీ మాత్ర మాత్రే, జ్వరం మాత్రకైతే ఇంకాస్త మర్యాద. గ్యాస్ మాత్ర మాత్రం టీ నీళ్ళ లాంటిది, ఆకువక్క లాంటిది. పొద్దున పళ్ళు తోముకుని పరగడుపున ఒకటి గుటుక్కుమనిపిస్తే ఆ పూటకు కడుపు పేచీ పెట్టకుండా పడి ఉంటుందని జనం నమ్మకం. జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లలో అయితే ఇది మరీ ఎక్కువ. రేకుల కింద పొద్దస్తమానం మిషన్ల ముందు కూర్చునేవాళ్ళు అన్నం వేళకు అన్నం తినరు. తినేది బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జీ, తాగేది టీ మీద టీ. ఇన్ని చేసి, కడుపు మండుతోందేమిటా అని ఆశ్చర్యపోతారు. అందుకే టీ ఫ్లాస్కు పక్కనే మాత్రల షీటు ఒకటి పడి ఉంటుంది. ఎవరికి కావాలంటే వాళ్ళు చించుకుని వేసుకోవచ్చు.

నూర్జాన్ భర్త దస్తగిరి అలాంటి ఒక షెడ్డులో కటింగ్ మాస్టరు. బట్టను దొంతరగా పరిచి, గీతలు గీసి, కటింగ్ మిషను పట్టుకుని నడిపాడంటే ప్యాంట్ల కాళ్ళు కట్టలు కట్టలుగా విడిపోయేవి. నీలం ధూళి అతని కనుబొమల్లో కూడా ఉండేది. నలభై దాటగానే షుగరొచ్చింది. దాని వెనకే బీపీ వచ్చింది. ఆ రెండూ కలిసి రెండేళ్ళ కిందట కిడ్నీల మీద పడ్డాయి. అప్పుడు చూసిన డాక్టరు, కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయనీ, ఆ సగాన్ని జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్ళు బండి నడుస్తుందనీ చెప్పాడు. ఉప్పు తగ్గించమన్నాడు. ఒంటినొప్పుల మాత్రలు ముట్టవద్దన్నాడు.

ఆ సగాన్ని నూర్జాన్ కంటికి రెప్పలా కాపాడింది. ఊరగాయ జాడీని అటకెక్కించింది. దస్తగిరికి పన్ను పోటు వచ్చి దవడ బూరెలా వాచినా నొప్పి మాత్ర ఇవ్వలేదు, లవంగం పెట్టుకుని నొక్కిపట్టమంది. కిడ్నీకి ఆకుపసరు పోస్తామని వచ్చినవాళ్ళను గడప తొక్కనివ్వలేదు. కొడుకు చప్పిడి కూడు తింటున్నాడని అత్త హుసేనమ్మ సణిగేది.

"నా కొడుకును నోరు కట్టేసి సంపుతాండావు గదే" అనేది.

"బతకాలనే కట్టేస్తాండా అత్తా" అనేది నూర్జాన్, రొట్టె తడుతూ.

మాత్రలన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. బీపీది పొద్దున, షుగరుది రెండు పూటలా. వాటన్నిటికంటే ముందు, పళ్ళు తోముకున్న వెంటనే, అలవాటు కొద్దీ ఒక గ్యాస్ మాత్ర. అది ఎవరూ రాసిచ్చింది కాదు, ఎవరూ వద్దన్నదీ కాదు.

ఈ ఏడు ఎండలు ముదిరాక దస్తగిరికి తిండి సహించడం మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే వాంతి వచ్చినట్లయ్యేది. "గ్యాస్ ఎక్కువైనట్లుండాది నూర్జా" అన్నాడు. నిజమే కామోసనుకుని ఆమె సాయంత్రం కూడా ఒకటి ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా తగ్గలేదు. షాపులో అడిగితే ఇంకొంచెం పవరున్నది ఇచ్చారు. అదీ వేసింది. వేసేకొద్దీ కడుపులో తిప్పడం ఎక్కువైంది, తిప్పేకొద్దీ ఆమె వేసింది. ఇంత ప్రేమగా, ఇంత శ్రద్ధగా, వేళ తప్పకుండా వేసింది. పగవాళ్ళకు కూడా అంత ఓపిక ఉండదు.

తరవాత వీపు మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. చెమటకాయలనుకున్నారు. జ్వరం తగిలింది. ఎండదెబ్బ అనుకున్నారు. కీళ్ళు పట్టేసి, కటింగ్ మిషను పట్టుకోలేక దస్తగిరి షెడ్డులోనే కూలబడ్డాడు. అతన్ని ఆటోలో ఇంటికి తెచ్చేటప్పటికి కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. ఊళ్ళో డాక్టరు రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కిడ్నీలు వడగట్టాల్సిన మలినం, క్రియాటినిన్, రెండేళ్ళ నుంచి రెండు దగ్గర నిలబడింది, ఇప్పుడు ఆరు దాటింది. ఇంక డయాలసిస్సేనమ్మా. షుగరు కిడ్నీలు ఎప్పటికైనా ఇంతే."

 ఎప్పటికైనా ఇంతే అయితే, రెండేళ్ళు నూర్జాన్ కాపాడింది దేన్ని? వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోవాలి. కటింగ్ బల్ల దగ్గరకు మళ్ళీ పోలేడు. అలాంటివాళ్ళను ఆమె బస్సుల్లో చూసింది. చేతికి కట్టుతో, మట్టి రంగు ముఖంతో, కిటికీకి తల ఆనించి కూర్చునేవాళ్ళు. పక్కన భార్యలు ఎవరితోనూ మాట్లాడరు.

మరునాడే కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం బస్సెక్కారు. దారి పొడుగునా వాన లేక తెల్లబోయిన చేలు, దూరంగా తిరిగే గాలిమరలు. దస్తగిరి వాటి వంక చూస్తూ, "నీళ్ళు రాని చోట గాలన్నా వస్తాండాది" అని నవ్వబోయి దగ్గాడు.

అనంతపురంలో కిడ్నీ ఆసుపత్రి డాక్టరు పేరు హేమావతి. మాట కరుకు, చెయ్యి మెత్తన. దస్తగిరిని పడుకోబెట్టి, వీపు మీది మచ్చలు చూసి, పాత కాగితాలూ కొత్త కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది.

"ఏమేం మందులు వేసుకుంటాడు?"

నూర్జాన్ సంచీ బోర్లించింది. షుగరుది, బీపీది, రక్తం పట్టడానికిచ్చింది.

"ఇంతేనా? నొప్పి మాత్రలు?"

"ఇంటి గడప తొక్కనీల్యా మేడం. దేవుని తోడు."

"పసర్లు, చూర్ణాలు?"

"ఊహూఁ."

హేమావతి మళ్ళీ కాగితాలు తిరగేసింది. "షుగరుతో పోయే కిడ్నీ ఎద్దులబండి లాగా మెల్లగా దిగుతాదమ్మా. ఈయనది మిద్దె మీంచి పడినట్లు పడింది. నడమ ఏదో జరిగింది" అంది. తరవాత కుర్చీ ముందుకు జరుపుకుంది. "మందుల మాట వదిలెయ్. పొద్దున లేస్తానే ఈయన ఏం చేస్తాడో చెప్పు. ఒక్కటీ వదలకుండా చెప్పు."

నూర్జాన్‌కు విసుగొచ్చింది. మనిషి పోయేటట్లున్నాడు, ఈమెకు దినచర్య కావాలట. అయినా చెప్పింది.

"ఏముండాది మేడం. లేస్తాడు. యాపపుల్లతో పండ్లు తోముకుంటాడు. గ్యాస్ మాత్ర ఏసుకుంటాడు. నేను టీ ఇస్తా, చక్కెర ఎయ్యను. నీళ్ళు పోసుకొని, బీపీ మాత్ర, షుగరు మాత్ర ఏసుకొని, రెండు జొన్నరొట్టెలు తిని షెడ్డుకు పోతాడు. ఆడ పదకొండుకు..."

"ఆగు. వెనక్కి రా."

"జొన్నరొట్టె తినగూడదా మేడం?"

"రొట్టె కాదు. దానికి ముందు."

"టీనా?"

"దానికీ ముందు."

నూర్జాన్‌కు అర్థం కాలేదు. దానికి ముందు వేపపుల్ల తప్ప ఇంకేముందని తడుముకుంది. "గ్యాస్ మాత్ర. ఎప్పటి నుంచి? రోజుకెన్ని?" అని డాక్టరే అడిగింది.

"అది మాత్ర గాదు గదా మేడం. ఊరికే గ్యాస్‌ది. ముందు ఒకటే, కడుపులో తిప్పుతాంటే ఈ మధ్య రెండు పూటలా ఇస్తాండా. పవరు కూడా పెంచినా."

నేను బాగా చూసుకుంటున్నాను సుమా అన్నట్లే చెప్పింది ఆ మాట. డాక్టరు ముఖం చూశాక గానీ ఏదో తప్పు జరిగిందని తోచలేదు.

నడుముకు సూది దించి కిడ్నీ ముక్క తీసి పరీక్షకు పంపారు. జబ్బు తేలింది. మందు పడక కిడ్నీలు లోపల వాచిపోయాయి. కొందరికి వేరుశనక్కాయ పడక ఒళ్ళంతా దద్దులెక్కినట్లు, ఇతనికి గ్యాస్ మాత్ర పడక కిడ్నీ లోపల దద్దులెక్కింది. గట్టి కిడ్నీ అయితే మందు ఆపేస్తే చాలావరకు తేరుకుంటుంది. ఇదివరకే సగం పోయిన కిడ్నీకి తేరుకునే బలం తక్కువ. పైగా అది పాడయ్యేకొద్దీ ఒంట్లో విషం పేరుకుని వాంతులొస్తాయి. ఆ వాంతుల్నే వీళ్ళు గ్యాస్ అనుకున్నారు.

ఇదంతా హేమావతి వార్డు బయట నిలబడి నూర్జాన్ ఒక్కదానికే చెప్పింది. లోపల దస్తగిరి మెడకు గొట్టం పెట్టించుకుని డయాలసిస్ మిషను పక్కన మత్తుగా పడి ఉన్నాడు.

"గ్యాస్ మాత్ర అనేది ఏ పేరుతో ఉన్నా, ఏ రంగులో ఉన్నా ఇంక ఈయన దగ్గరికి రాకూడదు. ఒకసారి పడని మందు మళ్ళీ లోపలికి పోతే ఈసారి కొంచెం చాలు, పని ముగుస్తాది. ఇంట్లో చెప్పు. షెడ్డులో చెప్పు. ఆయనకు తెలివొచ్చినాక ఆయనకూ చెప్పు. అర్థమయిందా?"

"అయింది మేడం."

అర్థమైంది. ఆమె ఇచ్చిన మాత్రే. మొగుడికి మంచినీళ్ళ గ్లాసుతో సహా అందించిన మాత్రే. నూర్జాన్‌కు అక్కడే గోడకు తల బాదుకోవాలనిపించింది. తన చేతుల్ని ఎవరైనా విరగ్గొడితే బాగుండుననిపించింది. కానీ లోపలి నుంచి నర్సు పిలిచింది, దుప్పటి తెమ్మంది. పోయి దుప్పటి తెచ్చింది.

వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మందు మొదలుపెట్టారు. కొన్నాళ్ళు ఏమీ కదల్లేదు. మూత్రం పట్టే సీసా అడుగున తడి మాత్రం కనపడేది. నూర్జాన్ ఆ సీసాను, కరువులో బావిలోకి తొంగిచూసే రైతులాగా, రోజుకు పదిసార్లు చూసేది. ఒకరోజు పొద్దున సీసా సగానికి వచ్చింది. మరునాడు నిండింది. ఆమె దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని వార్డంతా చూసేటట్లు నిలబడి ఏడ్చింది. డయాలసిస్ ఆపేశారు. క్రియాటినిన్ పాత రెండుకు రాలేదు గానీ మూడున్నర దగ్గర ఆగింది. అదే పదివేలు అనుకున్నారు.

చెప్పాల్సింది అప్పుడే. కానీ దస్తగిరికి తెలివొచ్చి, కూర్చుని ఇడ్లీ తింటూ, చూడ్డానికొచ్చిన షెడ్డువాళ్ళతో ఏమన్నాడు? "నా పెండ్లాం లేకుంటే ఈపాటికి నా మీద మట్టి పోసుండేవాళ్ళప్పా" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా కోడల్లో ఒక్క మంచి గుణం కూడా కనిపెట్టలేకపోయిన హుసేనమ్మ, అందరి ముందూ ఆమె తల నిమిరి, "కడుపున పుట్టిన బిడ్డ గూడా ఇంత చెయ్యదు" అంది. ఆ మాటల మధ్య నూర్జాన్ ఏ నోరు పెట్టుకుని చెబుతుంది? రేపు చెబుదాం అనుకుంది. ఇంటికి పోయాక చెబుదాం అనుకుంది. ఇంటికి పంపేరోజు హేమావతి సెలవులో ఉంది. కాగితాల మీద ఏదో ఇంగ్లీషులో రాసి చిన్న డాక్టరు చేతికిచ్చాడు, దాన్ని మడిచి సంచీలో పెట్టుకున్నారు.

బస్సులో మాత్రం అంది. "డాక్టరమ్మ ఇచ్చినవి తప్ప వేరే మాత్రలు ఏవీ ఏసుకోవద్దనింది."

"నాకేమన్నా పిచ్చా, మాత్రలు ఏసుకునేకి?" అని దస్తగిరి ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

చెప్పేశానని మనసుకు సర్దిచెప్పుకుంది. చెప్పలేదని మనసుకు తెలుసు. ఇంట్లో మిగిలిన గ్యాస్ మాత్రల్ని మాత్రం ముందుగా తీసి, వాళ్ళు చూడకుండా దిబ్బలో పారేసింది.

ఇల్లు గడవాలి గనక, భర్త పనిచేసిన షెడ్డులోనే దారాలు కత్తిరించే పనికి కుదిరింది. కుట్టు పూర్తయిన ప్యాంట్లకు వేలాడే దారపు కొసలు కత్తిరించి మడత పెట్టడం. పొద్దున పోతే సాయంత్రం రావడం. ఇంట్లో దస్తగిరికి తోడు హుసేనమ్మ. స్టెరాయిడ్ మాత్ర కడుపులో మంట పెడుతుంది. అన్నం తిన్నాకే వెయ్యమని చెప్పి పోయేది నూర్జాన్. అయినా మండేది.

"గ్యాస్ మాత్ర ఒకటియ్యి నూర్జా, గుండెల్లో నిప్పులు పోసినట్లుండాది" అన్నాడు ఒక ఉదయం.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. వాకిట్లో నిలబడి ఉంది, చేతిలో టిఫిను డబ్బా ఉంది, పనికి ఆలస్యమవుతోంది. అన్నిటికంటే ముందు భయం. చెబితే ఈ కళ్ళతో ఇంక నన్ను ఎట్లా చూస్తాడు అన్న భయం.

"అయిపోయినాయి. షాపులో గూడా ల్యావంట. వస్తే తెస్తాలే" అంది.

చిన్న అబద్ధం. రాయదుర్గంలో గ్యాస్ మాత్రలు దొరకడం లేదంటే పసిపిల్లవాడు కూడా నమ్మడు. హుసేనమ్మ ఆ మాట వింది. కోడలు అటు పోగానే చెప్పులేసుకుని ఎండలో బయల్దేరింది. మోకాళ్ళ నొప్పులతో ఆగి ఆగి బజారుదాకా పోయి, ఒక షీటు తెచ్చింది. కొడుక్కి ఒకటి వేసింది. మంట తగ్గింది. దస్తగిరి ఆపూట రెండు రొట్టెలు తిన్నాడు. ముసలామె సంబరానికి అంతులేదు. ఆరోజు మొదలు కోడలు షెడ్డుకు పోగానే ఒకటి ఇస్తూ వచ్చింది. నూర్జాన్‌కు చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది? అది మాత్ర కాదు కదా.

నూర్జాన్ సంతోషించింది. మనిషి తింటున్నాడు, ముఖంలో కళ వచ్చింది. చెప్పకపోయినా ఏం మునిగిపోలేదని కూడా అనుకుంది, దేవుడు నా మొర విన్నాడనుకుంది.

తరవాత ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి దస్తగిరి వీపు గోడకు రుద్దుకుంటున్నాడు. చొక్కా ఎత్తి చూసింది. ఎర్రగా, పాత చోటే, పాత మచ్చలే.  నుదుటి మీద చెయ్యి పెట్టింది. కాలుతోంది.

"మూత్రం పోసినావా ఈ పొద్దు?"

"పొద్దున రవ్వంత. ఎందుకు అట్ల అడుగుతావు?"

మరునాడు పొద్దున్నే అందరూ కలిసి అదే బస్సెక్కారు. ఈసారి హుసేనమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. దారిలో దస్తగిరి నవ్వడానికి ప్రయత్నించలేదు.  నూర్జాన్ మందులన్నీ వేళకు వేసింది, ఉప్పు వెయ్యలేదు, షీట్లు దిబ్బలో పారేసింది. అయినా ఇదేమిటని బుర్ర బద్దలు కొట్టుకుంది. షెడ్డువాళ్ళు ఎవరైనా ఇంటికొచ్చి ఇచ్చారేమో అనుకుంది. అత్త మాత్రం ఆమె ఆలోచనలోకి రాలేదు.

ఆ సాయంత్రమే మళ్ళీ మెడకు గొట్టం పెట్టారు. మరునాడు పదిన్నరకు హేమావతి మంచం దగ్గరకొచ్చింది. హుసేనమ్మ బయట వరండాలో ఉంది. డాక్టరు నూర్జాన్‌ను పలకరించలేదు. నేరుగా దస్తగిరినే అడిగింది.

"ఇంటికి పోయినాక మేము ఇచ్చినవి తప్ప ఏమన్నా మాత్రలు వేసుకున్నావా?"

"ల్యా మేడం. మీ మాట జవదాటల్యా. ఒక్క మాత్ర గూడా ఏసుకోల్యా."

"కడుపులో మంటకు?"

"దానికి మా అమ్మ గ్యాస్ మాత్ర ఇస్తాండె. అంతే."

నూర్జాన్ మంచం కమ్మీని పట్టుకుంది. హేమావతి అప్పుడు తలతిప్పి ఆమె వంక చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నువ్వు వీళ్ళకు చెప్పలేదా?"

"ఏం చెప్పాల మేడం?" అన్నాడు దస్తగిరి.

డాక్టరే చెప్పింది. మొదటిసారి వచ్చింది గ్యాస్ మాత్రతోనే, ఇప్పుడొచ్చిందీ దానితోనే. ఈసారి మందు పెంచి చూస్తాం గానీ, కిడ్నీలు తిరిగి పనిచేస్తాయని నేను మాట ఇవ్వలేను. డయాలసిస్ ఇంక ఆగకపోవచ్చు, దాని సూదులు గుచ్చడానికి వీలుగా చేతికి చిన్న ఆపరేషన్ చెయ్యాలి, సిద్ధంగా ఉండండి. ఇన్ని మాటలూ తగ్గు గొంతుతో చెప్పి పక్క మంచానికి పోయింది.

దస్తగిరి పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు.

"ముందుది గూడా అదేనా?" అన్నాడు.

"ఊఁ."

"నువ్విచ్చిందే?"

"నేనిచ్చిందే."

"నీకు తెల్సు."

"ఆసుపత్రిలో ఉన్నప్పుడే చెప్పినారు. నీకు చెప్పేకి నాకు నోరు రాల్యా."

తిడతాడని ఎదురుచూసింది. తిట్టాలని కోరుకుంది. చెయ్యి పైకెత్తితే ఆ చేతికింద తల పెట్టడానికి కూడా సిద్ధంగా ఉంది. అతను తిట్టలేదు. ఆమె వైపు తిరగను కూడా లేదు.

"మా యమ్మకు చెప్పొద్దు. తన చేత్తో ఇచ్చినా అని తెలిస్తే ముసిల్ది బతకదు" అన్నాడు. అంతే అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

నూర్జాన్ బయటికొచ్చింది. వరండాలో మెట్ల పక్కన హుసేనమ్మ ఒక కాలు చాచుకుని, మోకాలు నొక్కుకుంటూ కూర్చుని ఉంది. కోడల్ని చూడగానే పక్కన చోటిచ్చింది.

"ఏమంటాదమ్మా డాక్టరమ్మ? నిన్న మొన్నటిదాకా రొట్టెలు తినె కదా. ఉన్నట్టుండి ఏమొచ్చె?"

అబద్ధం నాలుక చివర్నే ఉంది. పాత జబ్బే అత్తా, షుగరు కిడ్నీలు ఎప్పటికైనా ఇంతేనంట. అంటే సరిపోతుంది. మొగుడి మాట నిలబెట్టినట్లవుతుంది, ముసలి ప్రాణాన్ని కాపాడినట్లవుతుంది. ఆమె నోరు తెరిచింది కూడా. కానీ షాపులో లేవన్న మాట కూడా ఇట్లాగే, ఇంతే సులువుగా, ఎవరి మేలుకో అన్నట్లే వచ్చింది.  ఈ నోటితో ఇంక ఒక్క మాట కూడా దాచకూడదనుకుంది.

అత్త పక్కన కాదు, కిందిమెట్టు మీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అత్తా, ఆయనకు గ్యాస్ మాత్ర పడదు. దాంతోనే కిడ్నీలు పోయినాయి. ముందు నేనిచ్చిన దాంతో పోయినాయి. డాక్టరమ్మ నాకు చెప్పింది, ఇంట్లో అందరికీ చెప్పమనింది. నేను చెప్పల్యా. ల్యావని అబద్ధం చెప్తి. నువ్వు తెలీక తెచ్చినావు. నేను తెలిసి దాచినా. పాపం నాది, నీది కాదు."

హుసేనమ్మ ముఖం కదల్లేదు. వినబడలేదేమో అనుకుని నూర్జాన్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ముసలామె ఆ చేతిని తొయ్యలేదు, పట్టుకోలేదు. ఎదురుగోడ వంక చూసి, ఎవరితోనో అన్నట్లు అంది.

"ఈ పొద్దు గూడా ఇస్తి."

"యాడ?"

"ఈడనే. నువ్వు పరీక్షకు రక్తం సీసాలు ఇచ్చేకి కిందికి పోయినావే, అప్పుడు. కడుపులో తిప్పుతాందమ్మా అన్న్యాడు."

కొంగు ముడి విప్పింది. అందులో నలిగిన షీటు ఉంది. రెండు మాత్రలు మిగిలాయి.

"సాయంత్రానికొకటి, రేపటికొకటి అని పెట్టుకున్యా" అంది హుసేనమ్మ.

నూర్జాన్ ఆ షీటు లాక్కుని డాక్టరు గదివైపు పరుగెత్తింది. వెనక ముసలామె విప్పిన కొంగును అట్లాగే రెండు చేతులతో పట్టుకుని మెట్ల దగ్గర కూర్చుని ఉంది.